మల్లేశం బాబాయిని గాల్లో నిలబెట్టిన పూట

ఒక పసిబిడ్డకు పేరు పెట్టే శుభవేళను నా పాండిత్యం ఎలా చెడగొట్టిందో చెబుతాను. నవ్వండి, పరవాలేదు. ఆ ఇంటివాళ్లే నవ్వుతున్నారు, మీకేం?

అప్పుడు నేను కోకాపేటలో, కడుతున్న ఒక టవరు దగ్గర ఎలక్ట్రీషియన్‌ని. అక్కడ గోడ వెంట పళ్లున్న ఇనుప స్తంభం నిలబెడతారు. దాన్ని మాస్ట్ అంటాం. మోటార్లున్న వేదికొకటి దాని మీద తొండలా పైకి పాకుతుంది. దాన్ని నడిపేది గోపన్‌పల్లి మల్లేశం బాబాయి. మొరాయిస్తే చూడాల్సింది నేను. నా చదువు పదో తరగతి దగ్గర ఆగినా, ఆదివారాలు గ్రంథాలయంలో కూర్చుని మోటార్ల పుస్తకాలన్నీ నమిలేశాను. అరిగాయా అని మాత్రం అడక్కండి.

దసరా మర్నాడు బాబాయి మనవరాలికి తొట్టెల వేడుక. తాత వచ్చి చెవిలో పేరు చెప్పాకే బిడ్డను తొట్టెలో వేస్తానని ఆయన కూతురు స్వప్న పట్టుబట్టింది.

"గీ అద్దాలు పైన దించి పోత తమ్మీ," అని బాబాయి వేదిక ఎక్కాడు. ఐదో అంతస్తు దాటగానే అది టక్కున ఆగిపోయింది. ముందు బిగించేసిన అద్దాల గోడ, వెనక ఆకాశం.

"ఏంది తమ్మీ గిది?"

"కంగారు పడకండి బాబాయ్, నేనున్నాను!" అన్నాను, సేఫ్టీవాళ్ల మైకు అందుకుని. అసలు కంగారు పడాల్సింది అందుకే.

"చేతి లివర్ పట్టి మెల్లగ దిగొస్త తియ్."

"వద్దు వద్దు! కారణం తెలియకుండా కదపకూడదని పుస్తకంలో ఉందండి!"

"పుస్తకంల నా మనవరాలి ముచ్చట ఉన్నదా?"

లేదు. చేతి లివర్‌తో దించవచ్చని మాత్రం ఆ తర్వాతి పేజీలోనే ఉందట. నేను ఆ పేజీకి చేరేలోపు గ్రంథాలయం మూసేశారు.

జనరేటర్ చూశాను, బాగుంది. కేబుల్ మొత్తం తడిమాను, బాగుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు నయం. నేను కొండను తవ్వి పలుగు పోగొట్టుకునే రకం. కింది కరెంటు పెట్టె తెరిచి, ఒక్కో తీగనూ జ్వరం చూసే డాక్టరులా పలకరిస్తున్నాను.

అంతలో ముహూర్తం దాటిపోతోందని స్వప్న బాబాయికి ఫోన్ చేసిందట. "నాయినా, ఫోన్ల నుంచే చెప్పు, బిడ్డ చెవికాడ పెడుతున్న." బాబాయి గొంతు సవరించుకున్నాడట. సరిగ్గా అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. మైకులో అరిచాను:

"బాబాయ్! ఫ్యూజు పోయింది!"

ఫోనులో బిడ్డ కెవ్వుమందట.

పైగా అది నిజం కూడా కాదు. ఫ్యూజు భేషుగ్గా ఉంది, నా మీటరు తీగే ఊడింది.

ఏమీ తోచక, "గేటు సరిగ్గా పడిందా?" అనడిగాను.

"యాడ పడ్డది? నడుమల నీ బంతిపువ్వు ఉన్నది గద."

గేటు పూర్తిగా పడి పక్కనున్న స్విచ్ నొక్కుకుంటేనే యంత్రం కదులుతుంది. ఆయుధపూజనాడు ఆ స్విచ్‌కు బొట్టు పెట్టి, పువ్వు దోపిన భక్తుణ్ణి నేనే. వేదిక అదురుకు అది గేటు సందులోకి జారింది.

"మరి తీసెయ్యకపోయారా బాబాయ్!"

"పూజల పెట్టిన పువ్వు, నేనెట్ల తీస్త? నువ్వా, గింత చదివినోనివి. కావాలనే పెట్టినవనుకున్న."

ఆ మాటకు నాకు ఏడుపొక్కటే తక్కువ. "కళ్లకద్దుకుని తీయండి," అన్నాను. తీశాడు. గేటు పడింది, వేదిక దిగింది.

బండి మీద గోపన్‌పల్లి చేరేసరికి వాకిట్లోనే పిన్ని నిలేసింది. "బిడ్డ చెవుల ఫ్యూజు పోయిందని ఏసింది నువ్వేనా?"

లోపల స్వప్న పొట్ట పట్టుకుని నవ్వుతోంది. బాబాయి చేతులు కడుక్కుని, బిడ్డను ఎత్తుకుని, చెవిలో "చందన" అని మెల్లగా మూడుసార్లు చెప్పాడు. బిడ్డ ఆయన వేలు పట్టుకుని వదల్లేదు. ఆయన కళ్లు తడిశాయి. తర్వాత నన్ను దగ్గరకు పిలిచాడు.

"నువ్వు గూడ చెప్పు తమ్మీ. మైకు లేకుండ."

చెప్పాను. చందన నవ్విందని నేనంటాను, ఆవలించిందని పిన్ని అంటుంది.

ఆనాడే పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా కరెంటు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. వినపడేంత దూరంలో పసిబిడ్డ ఉండగా, నిజంగా పోయినా సరే, ఫ్యూజు పోయిందని అనను. కాస్త కునుకు తీస్తోందంటాను.