ఎనభై తొమ్మిది ఇచ్చిన బండి

గురుస్వామి బండి నడుపుతుంటే వెనక వచ్చేవాళ్లకు విసుగు పుట్టేది. కడప నుంచి రాజంపేట పోయే రోడ్డు మీద మధ్యాహ్నం పూట కనుచూపు మేరలో ఒక్క వాహనం లేకున్నా ఆయన బండి ముల్లు నలభై దాటదు. ఎక్కడో ముందు గేదె అడ్డం కనిపిస్తే ఇక్కడినుంచే యాక్సిలరేటరు మీద చెయ్యి వదులు చేసుకుంటాడు. దాని దగ్గరికి చేరేసరికి అది దాటిపోయి ఉంటుంది, బ్రేకుతో పని పడదు. టైర్లకు వారం తప్పకుండా గాలి పట్టిస్తాడు.

ఆయనది మాధవరం. మగ్గం నేసే ఇల్లు. తను నేసిన చీరలూ ఇరుగుపొరుగు నేసినవీ మూటగట్టుకుని కడప అంగళ్లలో వేసి రావడానికి బండి కొన్నాడు. నూలుపోగు తెగితే పారేయకుండా ముడివేసి నేసుకుపోయే చెయ్యి అది. పెట్రోలు విషయంలోనూ అంతే. ఒక్క చుక్క వృథా కాలేదనుకుంటే ఆయనకు అదొక తృప్తి.

ఆ తృప్తి ఆయన భార్య శివకుమారికి లేదు. నందలూరులో ఆమె చెల్లెలి పెళ్లికి ఇద్దరూ బండి మీద బయల్దేరి, తాళి కట్టడం అయిపోయి జనం చేతులు కడుక్కుంటుంటే చేరారు.

"నడుచుకుంటా వచ్చినా అందుకునేదాన్ని" అంది ఆమె అందరి ముందూ. గురుస్వామి బండిని నీడకు తోసి అన్నానికి కూర్చున్నాడు.

రెండేళ్ల కింద కడప బైపాసులోని షోరూంవాళ్లు మైలేజీ పోటీ పెట్టారు. అక్కడ బండి కొన్నవాళ్లెవరైనా రావచ్చని ఆటోలో మైకు పెట్టి ఊరూరా చెప్పారు. ట్యాంకు ఖాళీ చేసి లీటరు పెట్రోలు పోస్తారు. ఎవరి బండి ఎక్కువ దూరం పోతే వాళ్లు గెలిచినట్టు. చాలామంది పరుగుపందెం అనుకున్నారో ఏమో, జెండా ఊపగానే దుమ్ము రేపుకుంటూ పోయారు. గురుస్వామి మూట లేకుండా, అద్దాలు విప్పించుకుని, గాలికి అడ్డం పడకుండా ట్యాంకు మీదికి వంగి, అందరికంటే వెనక కదిలాడు. ఆయన మనిషే బక్కపలచన. వెంట కనిపెట్టుకుని వచ్చిన షోరూం కుర్రవాడికి కునుకు పట్టి రెండుసార్లు అతని బండి మట్టిలోకి దిగింది. మిగతా బండ్లు ఒంటిమిట్ట దాటి ఒక్కొక్కటే ఆగిపోయాయి. గురుస్వామి రాజంపేట దాకా పోయి, వెనక్కి తిరిగి, తన ఊరు కూడా దాటి, భాకరాపేట దగ్గర ఆగాడు. లెక్క చూస్తే ఎనభై తొమ్మిది కిలోమీటర్లు.

మేనేజరు జ్ఞానరాజు ఆయనకు శాలువా కప్పి, మిక్సీ ఇచ్చి, ఫొటో తీయించాడు. మిక్సీ చూసి శివకుమారి మొదటిసారి మొగుడి నిదానం మీద కోపం తగ్గించుకుంది.

పది రోజులకు ఫ్లెక్సీలు లేచాయి. కడప బస్టాండు ఎదురుగా, ఒంటిమిట్టలో, నందలూరు పెట్రోలు బంకు దగ్గర, రాజంపేటలో. శాలువాతో గురుస్వామి, పక్కన బండి, పైన మనిషంత అక్షరాలతో "లీటరుకు 89! మాధవరం గురుస్వామిని అడగండి!"

జనం నిజంగానే అడగడానికి వచ్చారు.

మొదట వచ్చినవాడు నాగరాజ్. రాజంపేట మనిషి. ప్లాస్టిక్ బిందెలూ బుట్టలూ పెద్ద వలలో కట్టి బండికి వేసుకుని ఊరూరా అమ్ముతాడు. ఆ మూట వెడల్పుకు ఎదురొచ్చే ఆటో పక్కకు తప్పుకోవాలి. ఒకరోజు పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న గురుస్వామిని వాకిట్లోనుంచే కేకేశాడు.

"ఏమప్పా, గురుస్వామంటే నువ్వేనా?"

"నేనే. ఏం గావాలప్పా?"

"నీ మొగం జూసి బండి కొన్నా. నీకు ఎనభై తొమ్మిదిచ్చినాదంట. నాకు నలభై ఐదు గూడా ఇయ్యల్యా. ఏం మాయ జేసినావో చెప్పు."

గురుస్వామి లేచి బయటికి వచ్చి టైరు నొక్కి చూశాడు. వేలు లోపలికి దిగింది.

"గాలి యా రోజు పట్టిచ్చినావు?"

"కొన్న రోజు వాళ్లే పట్టిచ్చిండారు గదా."

"ఈ మూట ఇంత వెడల్పు పెట్టుకుని ఎంత స్పీడుగా పోతావు?"

"డెబ్బై. ఎనభై. పని ఉంటాది గదప్పా, నిదానంగా పోతే అయితాదా?"

గురుస్వామి తనకు తెలిసిందంతా విడమరిచి చెప్పాడు. నాగరాజ్ తల ఊపుతూ విన్నాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చి, "ఇంగా ఇయ్యల్యా" అన్నాడు. టైరులో గాలి మొన్నటికంటే తక్కువ ఉంది.

ఇట్లాంటివాళ్లు ఎందరో. ఒకాయన బ్రేకు మీద కాలు తీయకుండా నడిపేవాడు. ఇంకొకాయన ముగ్గురు పిల్లల్నీ పెళ్లాన్నీ ఎక్కించుకుని వచ్చి, బండి దిగకుండానే తిట్టడం మొదలుపెట్టాడు. వచ్చిన ప్రతివాడికీ లేచి రావడం, మళ్లీ గుంతలో దిగడం. చీర మీద చీర వెనకపడింది. అంగడివాళ్లు ఫోన్లు చేస్తున్నారు. శివకుమారి నూలు కండెలు చుడుతూ ఒకరోజు రాట్నం ఆపేసింది.

"ఆ మిక్సీ తీస్కపోయి వాళ్ల మొగాన కొట్టి ఫ్లెక్సీలు పీకించు. ఇంట్లో నెమ్మది లేకుండా పాయె."

గురుస్వామి కడప పోయాడు. జ్ఞానరాజు ఆయనకు టీ తెప్పించాడు.

"అబద్ధమేమన్నా రాసినామా గురుస్వామీ? నీ బండి ఇచ్చిందా లేదా?"

"ఇచ్చినాది సార్. నేను నడిపితే ఇచ్చినాది. ఆ మాట గూడా రాయండి."

"అంత రాస్తే ఎవరు చదువుతారు? వాళ్లకు నెంబరే కావాల. రోడ్డు మీద ఎంతొస్తుందో చెప్పినా వినరు. కొనేటప్పుడు అడుగుతారు, కొన్నాక ఎవరూ చూసుకోరు."

"చూసుకోకపోతే మా ఇంటికెందుకు వస్తాండారు సార్?"

జ్ఞానరాజు నవ్వి ఇంకొకరితో మాట్లాడటానికి లేచిపోయాడు. ఫ్లెక్సీలు అట్లాగే ఉన్నాయి.

ఇక తప్పదని గురుస్వామి, మళ్లీ వచ్చిన నాగరాజ్‌తో బిందెల మూట వాకిట్లో దింపించాడు. "నీ బండి నేను నడుపుతా, యెనక కూర్చో. కడప దాకా పోయొస్తాం. బండిదా తప్పు, నీదా, నువ్వే జూడు" అన్నాడు. టైర్లకు గాలి పట్టించి బయల్దేరారు.

ముల్లు నలభై దగ్గర నిలిచింది. ఊరు దాటగానే ఇటుకల ట్రాక్టరు వాళ్లను దాటిపోయింది. నాగరాజ్ వెనక కూర్చుని అటు కదిలాడు, ఇటు కదిలాడు.

"కొంచెం తిప్పప్పా."

"తిప్పితే తాగుతాది."

"తాగనీప్పా!"

"మరి ఇయ్యల్యా అని మా ఇంటిమీదికి యెందుకొస్తాండావు?"

నాగరాజ్ భాకరాపేట చేరకముందే, "దిగు, నా వల్ల గాదు. ఇట్లా పోతే నేను ఊర్లు తిరిగేదెప్పుడు, బిందెలమ్మేదెప్పుడు" అని తను హ్యాండిలు అందుకున్నాడు. వెనక్కి తిరిగి మాధవరం వచ్చేదాకా గురుస్వామి కళ్లు తెరవలేదు.

దిగాక అడిగాడు. "ఇంగ రావు గదా?"

"ఎందుకు రాను? నిదానంగా పోతే యే బండైనా ఇస్తాది. నేను పోయినట్టు పోతే ఇయ్యాల. అందుకే గదా కొనింది!"

గురుస్వామి అరుగు మీద కూలబడ్డాడు. ఆ పూట మగ్గం దగ్గరికే పోలేదు.

చివరికి ఈ గొడవ తీరింది వేరే దారిన. శివకుమారి తల్లి లక్ష్మక్కకు రాజంపేటలో బాయికాడ జారిపడి తుంటి విరిగింది. ఆసుపత్రికి తీసుకుపోతున్నామని ఫోను వచ్చింది. శివకుమారి చీర కొంగు బిగించి బండెక్కింది.

"ఈ రోజు గానీ నలభైలో పోయినావంటే, దోవలోనే దిగి లారీ ఎక్కుతా" అంది.

గురుస్వామి చెయ్యి తిప్పాడు. అరవై. డెబ్బై. ఎనభై. ఒంటిమిట్ట ఎప్పుడు దాటిందో తెలియలేదు. పెట్రోలు ముల్లు ఎర్రగీత దగ్గరే ఉంది గానీ రాజంపేటకు సరిపోతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తన నలభై స్పీడుది. వెనక మనిషిని పెట్టుకుని ఎనభైలో పోయే బండికి ఆ లెక్క వర్తించదన్న సంగతి ఆ గాభరాలో తట్టలేదు. నందలూరు ఇంకా రాకముందే బండి దగ్గి, దగ్గి, ఆగిపోయింది.

శివకుమారి దిగి రోడ్డు మీద నిలబడింది. తిట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది చూసి గురుస్వామి రోడ్డు మధ్యకు పోయాడు. చెయ్యి ఎత్తితే రెండు కార్లు ఆగకుండా పోయాయి. ఆ తర్వాత దూరంగా రంగురంగుల మూట ఒకటి ఊగుతూ రావడం కనబడింది. నాగరాజ్.

"ఏందప్పా ఈడ నిలబడిండారు?"

గురుస్వామి అత్త సంగతి చెప్పాడు. పెట్రోలు అయిపోయిందన్న మాట మాత్రం చివర్లో గొణిగాడు. నాగరాజ్ ఎకసెక్కం చేస్తాడనుకున్నాడు. అతను శివకుమారి ముఖం చూసి, మూట తాళ్లు విప్పి, బిందెలన్నీ రోడ్డు పక్కన కంపచెట్టు కింద పడేశాడు.

"అక్కా, నా బండెక్కు. అప్పా, నువ్వు నీ బండి మీద కూర్చో, కాలితో నూకుతా" అన్నాడు. శివకుమారిని వెనక కూర్చోబెట్టుకుని, ఒక కాలు గురుస్వామి బండికి ఆనించి తోసుకుంటూ నందలూరు బంకులోకి తెచ్చాడు.

బంకు ముందే ఆ ఫ్లెక్సీ. దాని కిందినుంచి, పెట్రోలు లేని బండి మీద, పక్కవాడి కాలి తోపుతో గురుస్వామి రావడం అక్కడున్నవాళ్లందరూ చూశారు. ఎవరో ఫోనులో వీడియో తీశారు. ఆయన తల ఎత్తలేదు. పెట్రోలు పోయించుకుని, శివకుమారిని ఎక్కించుకుని, అదే ఎనభైలో రాజంపేట చేరాడు. లక్ష్మక్కను అప్పటికి ఇంకా లోపలికి తీసుకుపోలేదు. కూతురి చెయ్యి పట్టుకున్నాకే ఆమె ఆపరేషనుకు పోయింది.

ఆ వీడియో సాయంత్రానికి కడప దాకా పాకింది. చూసినవాళ్లు నవ్వారు. "ఎనభై తొమ్మిదిచ్చే బండిని నూకుతాండారు" అని ఒకటే మాట. వారంలోపే షోరూంవాళ్లు ఫ్లెక్సీలు దింపేసి టీవీలో కనిపించే అమ్మాయి బొమ్మ పెట్టుకున్నారు. మాధవరానికి అడగడానికి వచ్చేవాళ్లు నిలిచిపోయారు. ఇంతకాలం నిజం చెబితే వినని జనం తన పరువు పోయాక ఊరుకున్నారు. అదే గురుస్వామికి మింగుడుపడలేదు.

నాగరాజ్ మాత్రం వస్తాడు. బండి గురించి కాదు, లక్ష్మక్క ఎట్లుందో కనుక్కోవడానికి. ఆ రోజు కంపచెట్టు కింద పెట్టిన బిందెల్లో సగం ఎవరో ఎత్తుకుపోయారు. ఆ సంగతి అతను చెప్పలేదు, వేరేవాళ్ల వల్ల తెలిసింది. శివకుమారి ఒక చీర మడతపెట్టి అతని భార్యకు పంపించింది. గురుస్వామి అతను వచ్చినప్పుడల్లా పంపు తెచ్చి రెండు టైర్లకూ గాలి కొడతాడు.

"ఎందుకప్పా ఊరికే అలసట" అంటాడు నాగరాజ్ మజ్జిగ తాగుతూ.

"నోరు మూసుకుని తాగు" అంటాడు గురుస్వామి.