పొగ పట్టిన రాణిగారు

మొన్న మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా అడిగితే, షాపాయన నా నెరిసిన తల చూసి "చెవిలో వేసుకోడానికాండీ?" అన్నాడు. పాత తపాలా స్టాంపు కోసమంటే నవ్వుతాడని అవునన్నాను. ఈ మధ్య అబద్ధాలు నాకు బాగానే వస్తున్నాయి. ఆ సీసాతో చేసే పని నాకు నేర్పినాయన నెల క్రితం పోయారు.

ఆయన గుడివాడలో మా వీధిలో ఉండే డ్రాయింగ్ మాస్టారు. చుట్టం కాదు, అయినా నాకు మావయ్యే. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కోడికూర కోసం ఇళ్ళకి పరిగెడుతుంటే, నేను ఆయన వరండాలో స్టాంపుల ఆల్బముల ముందు చేరేదాన్ని. స్టాంపుని వేళ్ళతో ముట్టుకోకూడదు, చిన్న పట్టకారుతో ఎత్తాలి. రంగుని లైటు కింద కాదు, పొద్దుటి ఎండలో చూడాలి. "నారింజ రంగు స్టాంపులు పొగకీ గాలికీ గోధుమరంగుకి తిరుగుతాయమ్మా. అవి జబ్బు చేసినవి. పుట్టుకతోనే గోధుమరంగుదైతే దాని విలువే వేరు. ఈ మందులో ముంచిన కుంచె మొనతో అంచుని తాకించు. జబ్బయితే నారింజ రంగు తిరిగొస్తుంది" అనేవారు. పాస్టరుగారి మాట కన్నా ఆయన మాట మీదే నాకు నమ్మకం ఎక్కువ.

మా ముత్తాత పెదపారుపూడి దగ్గర ఓ పల్లెలో చర్చి ఉపదేశి. బందరు నుంచి ఆయనకొచ్చిన ఉత్తరాలన్నీ వంటింటి దూలానికి వేలాడే ఇనప తీగకి గుచ్చి ఉండేవి. తర్వాతి రోజుల్లో మా నాయనమ్మ కరెంటు బిల్లులు కూడా దానికే గుచ్చింది. గుచ్చేటప్పుడు మావాళ్ళు రాణి అని చూడలేదు, రాజు అని చూడలేదు. నేను కాలేజీలో ఉండగా ఆ తీగ అట్టడుగున ఒక కవరు దొరికింది. దాని మీద విక్టోరియా రాణి, చెవి పక్కనే తుప్పు చిల్లు. నారింజ రంగులో ఉండాల్సిన స్టాంపు ముదురు గోధుమరంగులో ఉంది. క్రిస్మస్ ముందు రోజు, పుట్టు రంగేమోనన్న ఆశతో, దాన్ని మావయ్య చేతిలో పెట్టాను.

వారం ఉంచుకున్నారు. "పొగ పట్టిందమ్మా, అంతే. మందు తగలగానే నారింజ రంగు వచ్చేసింది. ఆ తడికి చిరిగిపోయింది కూడా. పారేశాను" అన్నారు తల దించుకుని. బదులుగా మెరిసిపోయే విదేశీ స్టాంపులు పన్నెండు ఇచ్చారు. పాపం, నొచ్చుకుంటున్నారని నేనే ఆయన్ని ఓదార్చాను. అది తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతుంది.

పోయిన వారం బందరు నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "వదినా, నాన్నగారి ఆల్బముల్లో ఏది ఉంచాలో, ఏది ఇచ్చెయ్యాలో నాకు తెలీదు. నీ కన్నూ తన కన్నూ ఒకటే అనేవారు. ఒక్కసారి రావా?" అంది. కళ్ళు తుడుచుకుంటూనే బస్సెక్కాను, అబద్ధమెందుకు.

మూడో ఆల్బం చివరి పేజీలో రాణిగారు ఒక్కరే ఉన్నారు. చెవి పక్కన చిల్లు. పట్టకారుతో ఎత్తితే వెనక ఓ మడత కాగితం, అందులో మావయ్య గుండ్రటి అక్షరాలు: "మందు వేశాను. రంగు మారలేదు. పుట్టు రంగే. చిల్లున్నా అపురూపం." కింద తేదీ ఆ ఏటి క్రిస్మస్‌ది.

కోపం వెంటనే రాలేదు. ముందు సిగ్గేసింది. నా పెళ్ళిలో మా నాన్న పక్కన నిలబడ్డ మనిషి. మా పిల్లలిద్దరికీ బొమ్మలు గీయడం నేర్పిన మనిషి. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ నోరు జారలేదు. నన్ను మోసం చేశారు, నాకు నేర్పిన విద్యతోనే చేశారు.

కాఫీ తెచ్చిన మావయ్య కూతురు నా భుజం మీదుగా చూసింది. "ఇది బాగా నల్లబడింది కదా వదినా. విలువుంటుందంటావా?"

కాగితం అప్పటికే నా గుప్పిట్లో ఉంది.

"పొగ పట్టిందమ్మా, అంతే" అన్నాను.

"అయితే నువ్వే ఉంచుకో. నాన్నగారి గుర్తుగా" అని కవర్లో పెట్టి ఇచ్చింది. నా మొహం చూసి, ఆయన జ్ఞాపకమొచ్చారనుకుని, చెయ్యి పట్టుకుని నన్నే ఓదార్చింది.

నాది నేను తెచ్చుకున్నాను, తప్పేముందని బస్సులో గుడివాడ దాకా నాకు నేనే చెప్పుకున్నాను. ఆ కాగితం చూపించి, అడిగే తెచ్చుకోవచ్చుగా. ఆ పిల్ల కాదనేది కాదు. తండ్రిని ఆమె ముందు దొంగని చెయ్యలేకపోయానని కూడా అనుకుని చూశాను, కానీ ఆ క్షణంలో నాకు తట్టింది అది కాదు.

అందుకే ఈ సీసా. నారింజ రంగు తిరిగొస్తే మావయ్యే పొరబడ్డట్టు, నేను ఆ పిల్లకి చెప్పింది నిజమైనట్టు. ఇవాళ పొద్దుటి ఎండలో వరండాలో కూర్చుని కుంచె మొనతో అంచుని తాకించాను. కాఫీ చల్లారేదాకా చూశాను. మా వంటింటి పొగలో అన్నేళ్ళు వేలాడినా రాణిగారి రంగు మారలేదు. నా రంగు మారడానికి బందరులో ఒక్క మధ్యాహ్నం చాలింది.