బాస్ అడగకముందే

బాస్ దగ్గరికి వెళ్లే ముందు చెప్పాల్సిన మాటలన్నీ డైరీలో రాసుకుని, హాస్టల్ బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో పైకి చదువుకునేదాన్ని. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మాదాపూర్‌లోని ఆ ఆఫీసులో నేను కాంట్రాక్టు మీద చేరాను. పర్మనెంట్ కావాలంటే బాస్ పైవాళ్లకు రాయాలి. పక్క సీట్లో ఉండే సీనియర్, ఏలూరావిడ, మొదట్లోనే చెప్పింది: "ఆయనతో అడిగించుకోకమ్మా. అడిగారంటే అప్పటికే కోపం వచ్చేసినట్టు."

అడిగించుకోవడం మానేశాను. ఆయన దేనికి భయపడతారో కనిపెట్టడమే సగం ఉద్యోగమని తెలిసింది. ఆయన భయమల్లా సాయంత్రం వచ్చే క్లయింటు ఫోను. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. బంద్ అనగానే పని ఆగిపోతుందా అని అటునుంచి అడిగేవాళ్లు. ఆగదని చెప్పడానికి ఆయనకు సీట్లో ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనయ్యాను. బంద్ రోజు జనం రోడ్డెక్కకముందే, చీకటి ఉండగానే కూకట్‌పల్లిలో క్యాబ్ ఎక్కేదాన్ని. క్యాంటీన్ మూసేసి ఉండేది. ఖాళీ ఫ్లోరులో ఏసీ చలికి చున్నీ కప్పుకుని, వచ్చేశానని ఆయనకు మెసేజ్ పెట్టేదాన్ని. ఆయన ఇంట్లోంచే "గుడ్" అని జవాబిచ్చేవారు. ఆ ఒక్క మాట మీద రోజంతా గడిపేదాన్ని.

మాది కరీంనగర్ వైపు. టీంలో మా జిల్లావాడే ఇంకొకడున్నాడు. ఒక మధ్యాహ్నం కింద రోడ్డు మీద ఐటీవాళ్లంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా నిలబడుతుంటే నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, జర కిందికి రా. పది నిమిషాలు నిలబడుడే."

"పనుంది."

"మాకు లేదా పని? మీ తమ్ముని కాలేజీల లాఠీలతోని కొట్టిన్రని నువ్వే చెప్తివి గద."

నేను అద్దాల క్యాబిన్ వైపు చూశాను. అతనూ చూశాడు.

"ఓహో, సారు చూస్తున్నడా! ఇగ వద్దు తియ్యక్కా, పరేషాన్ గాకు. నీ దిక్కెల్లి గూడ మేమే అరుస్తం."

అతనూ, వెంట వచ్చినవాళ్లూ నవ్వుకుంటూ దిగిపోయారు. ఆ తర్వాత నన్ను భోజనానికి పిలవలేదు. నేను వెళ్లి కూర్చుంటే మాట క్రికెట్ మీదికి మళ్లేది. డబ్బా నా సీట్లోనే తినడం అలవాటు చేసుకున్నాను. పర్మనెంట్ అయితే చాలనుకున్నాను. ఎప్పుడు కదిపినా బాస్, "వచ్చే నెల చూద్దామమ్మా" అనేవారు.

బంద్‌లతో విసిగి క్లయింటు ప్రాజెక్టును చెన్నైకి మార్పించాడు. బాస్ తనతో కొందరిని తీసుకెళ్తున్నారు. అందులో ఏలూరావిడ ఉంది. మిగిలిన పర్మనెంటు వాళ్లకు ఇక్కడే వేరే పనులిచ్చారు. నా కాంట్రాక్టు మాత్రం నెలాఖరుకు అయిపోతుందని కాగితం వచ్చింది.

క్యాబిన్‌లోకి వెళ్లాను. ఆయన అట్టపెట్టెలో సామాను సర్దుకుంటున్నారు.

"సార్, నన్నూ చెన్నై తీసుకెళ్లండి. ఏ పనైనా చేస్తాను."

ఆయన తలెత్తి నవ్వారు. వెటకారం కాదు, నిజంగా ఆప్యాయంగానే నవ్వారు.

"చెన్నై ఎందుకమ్మా నీకు? రేపో మాపో మీ రాష్ట్రం మీకొచ్చేస్తుంది. మీవాళ్లంతా ఇక్కడే ఉన్నారు కదా, వాళ్లే చూసుకుంటార్లే."