అత్తమ్మ ఫొటోకు దండ

మా మేనత్తకు ఫొటో అంటే పడదు. దానికి కారణం మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఆమె ముందుగది గోడకే వేలాడుతూ ఉంటుంది. అది మామ ఫొటో. మామ పట్టాల మరమ్మతు పని చేసేవాడు, ఉన్నట్టుండి పోయాడు. ఇంట్లో వెతికితే ఒక్క మంచి ఫొటో దొరకలేదు. గుర్తింపు కార్డు మీది గోరంత బొమ్మను స్టూడియోవాడు పెద్దది చేసి, మెడ కింద ఖాళీగా ఉందని కోటూ టై తొడిగి, పెదాలకు కాస్త ఎరుపు కూడా అద్ది ఇచ్చాడు. అప్పటి నుంచి అత్తమ్మ ఆ కోటు మనిషికే పూలు పెడుతోంది.

"మీ మామ బతికుండంగ ఎన్నడన్న కోటేసిండా బిడ్డా? ఎవరో ఆఫీసర్‌కు దండం పెడ్తున్నట్టుంటది నాకు," అంటుంది. నవ్వుతూనే అంటుంది గానీ, విన్నప్పుడల్లా ఆ స్టూడియోవాడి చెంప పగలగొట్టాలనిపిస్తుంది నాకు.

నేనుండేది తార్నాకలో, పని యూనివర్సిటీ లైబ్రరీలో. సెలవు దొరికితే కెమెరా పట్టుకొని అడిక్‌మెట్ నుంచి సీతాఫల్‌మండి దాకా గల్లీలు తిరగడం నా పిచ్చి. ఈ మధ్య క్యాంపస్‌లో ఫొటోలు తీసేవాళ్లమంతా కలిసి ఎగ్జిబిషన్ పెట్టాలనుకున్నాం. నాకు అత్తమ్మ ముఖం తప్ప ఇంకేదీ తోచలేదు.

"గోడ మీద సచ్చినోళ్లుంటరు. బతికున్నోళ్లు ఆల్బంల ఉంటరు. నన్ను గోడకెక్కియ్యకు," అంది అత్తమ్మ. నేను జిడ్డులా పట్టుకొని వదల్లేదు. చివరికి విసిగిపోయి, "సచ్చినోళ్ల ఫొటో లెక్క మాత్రం ఉండొద్దు. గట్లయితెనే," అని షరతు పెట్టింది. ఒట్టేసి ఒప్పించాను.

ఒక ఉదయం గుమ్మంలో కూర్చొని పుంటికూర ఆకు తుంచుతుంటే పక్కింటావిడ ఏదో అంది. అత్తమ్మ తలెత్తి పకపకా నవ్వింది. ముందుపన్ను ఒకటి లేని నవ్వు. అది దొరికింది నాకు. నలుపు తెలుపులో, హాల్లోని అన్ని ఫొటోలకన్నా పెద్దదిగా ప్రింటు వేయించాను.

ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథిగా వచ్చిన రిటైర్డ్ ప్రొఫెసర్ గారిని గేటు దగ్గర కలిసి హాల్లోకి తీసుకొచ్చాను. అడుగు పెట్టి చూద్దును గదా, అత్తమ్మ ఫొటోకు ఇంత లావు బంతిపూల దండ. కింద దీపపు కుంది, పక్కన అగరొత్తులు. ఇద్దరమ్మాయిలు చెప్పులు విప్పి చేతులు జోడించి నిలబడ్డారు. ప్రొఫెసర్ గారు కూడా బూట్లు విప్పి, కళ్లు మూసుకొని నమస్కరించి, "ఎప్పుడు పోయారమ్మా?" అని మెల్లగా అడిగారు.

నేను వెళ్లి హాలు చూసుకునే అటెండర్ మీద పడ్డాను. పెద్దాయన బిత్తరపోయాడు.

"దీపం ముట్టియ్యాలంటె ముంగట ఏదన్న ఫొటో ఉండాలె గద మేడం. సరస్వతి ఫొటో దొరకలే. గీ పెద్దమ్మ ఫొటో సూస్తె గింత పెద్దగున్నది, అండ్ల నలుపు తెలుపు. కాలం చేసింది గావచ్చు, పాపం అని నేనే పోయి దండ తెచ్చిన."

తిడదామంటే ఆయన కళ్లలో నిజంగానే తడి ఉంది. ఆయన్ను వదిలి దండ మీద పడ్డాను. దాన్ని తీగతో మేకుకు బిగించి కట్టాడు, ఊడి రాదు. అంతలో గుమ్మం దగ్గర గాజుల చప్పుడు. అత్తమ్మ కొడుకు, మా బావ, ఆటోలో ఆమెను తీసుకొచ్చాడు. పెళ్లిళ్లకు కట్టే చీర కట్టింది. వెనక క్వార్టర్స్ ఆడవాళ్లు నలుగురైదుగురు.

ఆమె అడిగింది ఒక్కటే, అది కూడా నిలబెట్టుకోలేకపోయానని నాకు ఏడుపొచ్చింది. ఇక జన్మలో నా కెమెరా ముందుకు రాదు, నా ముఖం కూడా చూడదేమో. అటెండర్ ఆమెనూ ఫొటోనూ మార్చి మార్చి చూసి, గోడకు అతుక్కుపోయాడు.

అత్తమ్మ నెమ్మదిగా వచ్చి దండను చూసింది, దీపాన్ని చూసింది. ఆ తర్వాత తన ముఖాన్ని చూసింది. చాలాసేపు చూసింది. అద్దంలో కూడా ఆమె తనను తాను అంతసేపు చూసుకోగా నేనెప్పుడూ చూడలేదు.

"అత్తమ్మా, నేను కట్టలేదు..." అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. ఫొటోలో ఉన్న నవ్వే, పన్ను లేని చోటుతో సహా.

"ఇగో, సస్తె ఎవరెవరొస్తరో బతికుండంగనే సూసుకున్న. మంచిగనే వచ్చిండ్రు!"

హాలంతా గొల్లున నవ్వింది. ప్రొఫెసర్ గారు లెంపలు వేసుకున్నారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అటెండర్ తీగ విప్పబోతే, "ఉండనియ్ అన్నా, పైసలు పెట్టి తెచ్చినవ్," అని ఆయనను ఓదార్చింది కూడా.

సాయంత్రం ఆటో ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుంది. "ఎగ్జిబిషన్ అయినంక ఆ ఫొటో నాకియ్యి. పెట్టెల దాస్త. నేను పోయిన్నాడు గదే పెట్టుండ్రి."

ఇన్నాళ్లూ ఆమెకు చావంటే భయమనుకున్నాను. భయం చావు గురించి కాదు. నాకు కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది గానీ, మనసు మాత్రం దూదిపింజలా తేలికైంది.

ఆటో కదులుతుంటే తల బయటికి పెట్టి గట్టిగా అరిచింది. "స్టూడియోవానికి మాత్రం ఇయ్యకుండ్రి బిడ్డా! వాడు ఆ లేని పన్ను పెడ్తడు!"