పాడ్రే ఐలండ్‌లో అమ్మ నడిచిన దారి

మొన్న శనివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఎవరో పాత ఆర్వీ ఒకటి తెచ్చి నిలిపి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి లోపలంతా కడుగుతున్నారు. ఆర్వీ అంటే పడకలూ వంటిల్లూ స్నానాలగదీ అన్నీ లోపలే ఉండే పెద్ద వ్యాను. పక్కనుంచి వెళ్తుంటే ఆ తలుపులోంచి ఒక వాసన వచ్చింది. ఎండకు వేడెక్కిన కార్పెట్, గ్యాస్ పొయ్యి, టాయిలెట్ ట్యాంకులో పోసే నీలం మందు, వాటన్నిటి మీదా కొబ్బరి వాసన వేసే సన్‌స్క్రీన్. చేతుల్లో కూరగాయల సంచులతో అక్కడే నిలబడిపోయాను. నాకు పదకొండేళ్లప్పటి జూన్ నెల గుర్తుకొచ్చింది.

అప్పట్లో మేము టెక్సస్‌లోని ప్లేనోలో ఉండేవాళ్లం. నాన్న టెలికాం కంపెనీలో ఇంజనీరు. శనివారం సాయంత్రాలు తెలుగువాళ్లు ఎవరింట్లో కలిసినా, ఏ గదిలోంచి నవ్వులు వినిపిస్తే ఆ గదిలో నాన్న ఉన్నాడని అర్థం. "మీ డాడీ భలే ఫన్నీ" అని ఆంటీలు నా బుగ్గ గిల్లి చెప్తుంటే నాకెంతో గర్వంగా ఉండేది. అమ్మ పెళ్లికి ముందు తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. ఇక్కడికి వచ్చాక కొన్నేళ్లు వీసా ఒప్పుకోక, గ్రీన్‌కార్డు వచ్చాక "నీ ఇంగ్లీషుకి ఉద్యోగం ఎవడిస్తాడు" అని నాన్న అనడంతో ఇంట్లోనే ఉండిపోయింది. డ్రైవింగ్ కూడా నాన్నే రెండు రోజులు నేర్పాడు. ఆ రెండు రోజులూ నేనూ అన్నయ్యా వెనక సీట్లో కూర్చుని, ఆమె బ్రేకు తొక్కినప్పుడల్లా కావాలని ముందుకు తూలి కేకలు పెట్టేవాళ్లం. మూడో రోజు అమ్మ తాళాలు ముట్టుకోలేదు.

మా ఇంట్లో ఒక ఆట ఉండేది. దానికి పేరు లేదు. అమ్మ ఏదైనా ఇంగ్లీషు మాట అంటే, దాన్ని అమ్మ గొంతుతోనే మళ్లీ అనాలి. ఆమె "కంఫర్టేబుల్" అనేది, చివర నిజంగా టేబుల్ ఉన్నట్టు. "టేబుల్ వచ్చింది, కుర్చీలు తెండి" అనేవాడు నాన్న. మేము పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. అమ్మ కూడా నవ్వేది. కాబట్టి అది తప్పని నాకు తోచలేదు.

ఆ వేసవి నాన్న ఆర్వీ ఒకటి వారం రోజులకు అద్దెకు తీసుకుని, సముద్రం పక్కనే ఇసుక మీద నడుపుకుంటూ వెళ్లొచ్చని పాడ్రే ఐలండ్‌కి ప్రయాణం కట్టాడు. అమ్మ మూడు రోజుల ముందునుంచే వంటింట్లో దిగింది. పులిహోర, మెంతికూర చపాతీలు, కందిపొడి, నెయ్యి సీసా, మూత చుట్టూ రెండు ప్లాస్టిక్ సంచులు బిగించిన గోంగూర పచ్చడి, ఎండుమిరపకాయలూ కరివేపాకూ వేయించి పొట్లం కట్టిన పోపు, తోడు పెట్టుకోవడానికి విడిగా గిన్నెలో పెరుగు. నేను డ్రైవర్ సీటు పైనుండే గూటిలాంటి పడక నాదని ముందే చెప్పేశాను. అన్నయ్యకి అప్పుడు పద్నాలుగేళ్లు. కొత్త వీడియో కెమెరా వాడి మెళ్లోనే వేలాడుతుండేది.

నాన్న మొదటిసారి ఆ పని చేసింది వేకో దాటాక, పెట్రోలు కోసం ఆగిన ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర. అమ్మ బాత్రూమ్‌కి వెళ్లి తిరిగొస్తుంటే, సరిగ్గా ఆమె చెయ్యి తలుపు మీద పడబోయే క్షణంలో బండి పది అడుగులు ముందుకు నడిపాడు. ఆమె మళ్లీ వచ్చింది, మళ్లీ నడిపాడు. అమ్మ నవ్వుతూనే ఎక్కింది. రెండోసారి శాన్ ఆంటోనియో దగ్గర, చేతుల్లో మా ఇద్దరికీ రెండు ఐస్‌క్రీమ్‌లు పట్టుకుని ఉండగా రోడ్డు దాకా పరిగెత్తించాడు. చున్నీ నిండా ఐస్‌క్రీమ్ కారింది. ఈసారి ఎక్కాక, "వద్దండీ, అందరూ చూస్తున్నారు" అంది. అన్నయ్య అదంతా కెమెరాలో తీశాడు. కార్పస్ క్రిస్టి చేరేదాకా ఆ ముక్కనే చిన్న తెర మీద తిప్పి తిప్పి చూసుకున్నాం.

ఆ దీవిని నేను మర్చిపోలేను. వంతెన దిగగానే గాలి మారిపోయింది. వెచ్చగా, జిగటగా, ఒంటికి అంటుకునే గాలి. ఒక పక్క గడ్డి మొలిచిన ఇసుక దిబ్బలు, ఇంకో పక్క గోధుమరంగు నీళ్లు, మధ్యలో మైళ్ల కొద్దీ తడిసి గట్టిపడిన ఇసుక, దానిమీదే బండ్ల చక్రాల గుర్తులు. ఒడ్డంతా కుప్పలు కుప్పలుగా సముద్రపు నాచు ఎండి, ఉప్పుచేపల బుట్ట తెరిచినట్టు వాసన కొట్టేది. పెలికాన్లు బారులు తీరి అలల అంచునే ఎగిరేవి. అలలకు కొట్టుకొచ్చి పాదాలకు అంటుకున్న తారు ముద్దల్ని అమ్మ కొబ్బరినూనెతో రుద్ది వదిలించేది. నీలం గాజు బుడగల్లాంటి జెల్లీ చేపలు ఇసుకలో పడి ఉంటాయి, వాటిని ముట్టుకోవద్దని, చచ్చినవి కూడా కుడతాయని బోర్డుల మీద రాసి ఉండేది. మేము వాటిని కర్రలతో పొడిచి పగలగొట్టేవాళ్లం. తెల్లటి చిన్న పీతల్ని పట్టి బకెట్లో వేసి ఎండలో మర్చిపోతే, తిరిగొచ్చేసరికి అన్నీ ఉడికిపోయి ఉన్నాయి. నాన్న చూసి "డిన్నర్ రెడీ" అన్నాడు. నవ్వాం.

మొదటి సాయంత్రం అమ్మ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి చాలాసేపు నిలబడింది. తర్వాత నన్ను పిలిచి, రెండు కమలాపళ్లు తెప్పించి, ఒకటి భూమి, ఒకటి చంద్రుడు అని, సముద్రం ఎందుకు పొంగుతుందో, భూమికి అవతలి వైపు కూడా ఎందుకు పొంగుతుందో చెప్పడం మొదలుపెట్టింది. కాలేజీ పిల్లల్ని సూర్యలంక బీచికి తీసుకెళ్లి ఇదే పాఠం చెప్పేదాన్నంది. గొంతే మారిపోయింది. ఇంట్లో మాట్లాడే అమ్మ కాదు. నాకు నిజంగా వినాలనిపించింది. అంతలో వెనకనుంచి నాన్న "సైలెన్స్, మేడమ్ గారు క్లాసు తీసుకుంటున్నారు" అన్నాడు. అన్నయ్య చెయ్యెత్తి "మేడమ్, ఐ యామ్ నాట్ కంఫర్టేబుల్" అన్నాడు. నేను ఎటు ఉండాలో తేల్చుకోవడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు, నేనూ నవ్వేశాను. అమ్మ రెండు పళ్లూ ఒలిచి మా ముగ్గురికీ పంచిపెట్టింది.

మూడో రోజు మధ్యాహ్నం. తారురోడ్డు అయిపోయాక ఇసుక మీదే దక్షిణంగా నాలుగైదు మైళ్లు వెళ్లి, జనం లేనిచోట బండి ఆపి అన్నాలు తిన్నాం. అమ్మ గిన్నె తోముకొస్తానని చెప్పులు తలుపు దగ్గరే వదిలి, నీళ్ల వైపు దిగింది. ఆమె ఫోను బండిలో బల్ల మీదే ఉంది. నేను నాన్న పక్క సీట్లో కూర్చుని ఉన్నాను. నాన్న అద్దంలో ఆమెను చూసి, పెదాల మీద వేలు పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"ఏం చిన్నీ, పోదామా?"

"పోదాం నాన్నా. గో, గో."

ఇన్నేళ్లలో నేను చాలా మాటలు మర్చిపోయాను. ఆ రెండు మాటలు మాత్రం, అన్నప్పుడు నా గొంతులో ఉన్న హుషారుతో సహా గుర్తున్నాయి.

బండి కదిలింది. నేను వెనక కిటికీ దగ్గరికి పరిగెత్తాను. అమ్మ తలెత్తి చూసింది, గిన్నె పట్టుకునే పరిగెత్తింది, ఒక చెయ్యి పైకెత్తింది. అన్నయ్య కెమెరా పట్టుకుని నవ్వుతున్నాడు. కాస్త దూరం పోయి ఆపుదామనుకున్నాడట నాన్న. కానీ అక్కడినుంచి ఇసుక మెత్తబడింది, ఆపితే దిగబడుతుందని ఇంకా వేగం పెంచాడు. అమ్మ చిన్నదై, చుక్కై, కనబడకుండా పోయింది. ఆ తర్వాత ఎంత వేగంగా పోయినా లాభం లేక బండి ఇరుసుదాకా కూరుకుపోయింది.

గంటసేపు నాన్న చక్రాల కింద ఇసుక తోడాడు. మాకెవరికీ నవ్వు రావడం లేదు. అమ్మ చెప్పులు పట్టుకుని, నేను నడుచుకుంటూ వెళ్లి ఇచ్చొస్తానన్నాను.

"కూర్చో. కాళ్లున్నాయిగా, నడిచి వచ్చుద్ది," అన్నాడు నాన్న. చొక్కా అంతా తడిసిపోయి ఉంది. "గిన్నెలు సముద్రంలో తోమమని ఎవరు చెప్పారు? ఈ మనిషి వల్లే ఇదంతా."

అన్నయ్య కూడా అవునన్నాడు. నేనూ కొంచెంసేపు అది అమ్మ తప్పేననుకున్నాను. అలా అనుకుంటే భయం తగ్గింది.

ఇంకో గంటకు చేపలు పట్టుకుని వెళ్తున్న ఒకాయన తన ట్రక్కుకి గొలుసు కట్టి మమ్మల్ని లాగాడు. వెనక్కి వచ్చేసరికి మేము తిన్నచోట ఎవరూ లేరు. అలల అంచున గిన్నె సగం ఇసుకలో పూడి ఉంది. నాన్న దిగి దాని పక్కన నిలబడి సముద్రం వైపు చూశాడు. అమ్మకు ఈత రాదు. ఆయన ముఖం అలా పాలిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఏడుపు మొదలుపెట్టాను. "నోరు ముయ్యి" అని బండి ఎక్కాడు.

అమ్మ దొరికింది. ఆమె వెనక్కి, ఉత్తరంగా నడిచింది. దారిలో ఒక నీలం బుడగ కాలి కింద పడి కుట్టింది. ఇసుక అయిపోయి తారురోడ్డు వచ్చాక, ఆ మధ్యాహ్నపు ఎండలో దాని మీద కూడా నడిచింది. పోయే బండ్లని చెయ్యెత్తి ఆపడానికి మొహమాటపడిందట. చివరికి ఒక ముసలి జంట తామే ఆగి ఎక్కించుకుని, ఆ తీరాన్ని చూసుకునే పార్కు ఆఫీసులో దింపారు. సాయం అడుగుదామని మేము అక్కడికి వెళ్లేసరికి అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. రెండు అరికాళ్లూ బొబ్బలెక్కి, పగిలిన చోట ఎర్రగా మాంసం కనిపిస్తోంది. ఒక కాలి మీద కొరడాతో కొట్టినట్టు వాతలు. యూనిఫాంలో ఉన్న పార్కు ఉద్యోగిని, రేంజరమ్మ, కింద కూర్చుని మందు రాస్తోంది.

నాన్న చక్కగా నవ్వుతూ, మంచి ఇంగ్లీషులో, పొరపాటు జరిగిందని, ఆమె వెనక పడుకుని ఉందనుకుని బయల్దేరామని చెప్పాడు. రేంజరమ్మ నవ్వలేదు. లేచి వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మీ అమ్మని ఏం జరిగిందని అడిగితే, తనకు ఇంగ్లీషు సరిగ్గా రాదని, కూతురొస్తుంది, కూతురు చెప్తుందని అందని నాతో చెప్పింది. మీ నాన్న చెప్పినట్టే జరిగిందా అని నెమ్మదిగా అడిగింది.

అమ్మ నా వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, నమ్మకమే ఉంది. నాన్న చెయ్యి నా భుజం మీద ఉంది, గట్టిగా కూడా లేదు. ఎవరూ నన్ను బెదిరించలేదు.

"యెస్," అన్నాను. "మామ్ లోపలే ఉందనుకున్నాం."

ఒక్క తప్పు లేకుండా అన్నాను.

రేంజరమ్మ అమ్మ వైపు తిరిగింది. అమ్మ కాసేపు తన పాదాల వంక చూసుకుని, "యెస్. మై మిస్టేక్. ఐ డిడ్ నాట్ టెల్ దెమ్," అంది. నన్ను అబద్ధాలకోరును చెయ్యడం ఇష్టంలేక అలా అందని అర్థం చేసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

బండి ఎక్కి కొంతదూరం పోయాక నాన్న, "సర్లే, జరిగిందేదో జరిగింది. తలనొప్పిగా ఉంది, కాస్త టీ పెట్టు," అన్నాడు. అమ్మ కట్లు కట్టిన పాదాల మీద నిలబడి, బండి ఊగినప్పుడల్లా గట్టు పట్టుకుంటూ టీ పెట్టింది. మాకు పాలు కూడా వెచ్చబెట్టి ఇచ్చింది. నేను తాగాను.

అరికాళ్లు మానడానికి నెలన్నర పట్టింది. మానగానే అమ్మ డ్రైవింగ్ స్కూల్లో చేరింది. ఆ తర్వాత ఇంగ్లీషు క్లాసు, ఆ తర్వాత కాలేజీలో ట్యూటరు పని, ఇంకో నాలుగేళ్లకు కమ్యూనిటీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు. నేను యూనివర్సిటీకి వెళ్లిన నెలలోనే కాలేజీ దగ్గర విడిగా అపార్ట్‌మెంట్ తీసుకుంది. రోజూ అంతదూరం డ్రైవ్ చెయ్యలేక తీసుకుందని నాన్న తన స్నేహితులకు చెప్తుంటాడు. పాడ్రే ఐలండ్ కథ కూడా ఇప్పటికీ చెప్తాడు. ఆయన చెప్పే కథలో బండి ఇసుకలో దిగబడటం ఉంటుంది, చేపలాయన గొలుసు ఉంటుంది, అందరూ నవ్వుతారు. అమ్మ కాళ్లు ఉండవు.

ఆ వేసవితో ఇంకొకటి కూడా పోయింది. ఇంటికి వచ్చినప్పటినుంచి అమ్మ మా ఇద్దరితో ఇంగ్లీషులోనే మాట్లాడసాగింది. మొదట్లో తప్పులతో, తర్వాత తప్పులు లేకుండా. మేము వెక్కిరించే ఆట దానంతటదే ఆగిపోయింది. కమలాపళ్లు పట్టుకుని సముద్రం గురించి చెప్పిన ఆ తెలుగు మాత్రం మళ్లీ వినలేదు. నేను తెలుగు చదవడం, రాయడం పెద్దయ్యాక యూనివర్సిటీలో నేర్చుకున్నాను. అమ్మతో తెలుగులోనే మాట్లాడతాను. తను ఇంగ్లీషులో జవాబిస్తుంది.

ఆర్వీ వాసన తగిలిన రోజు సాయంత్రమే అమ్మ దగ్గరికి వెళ్లాను. ఏవో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎదురుగా కూర్చుని, ఆ రోజు రేంజరమ్మతో అబద్ధం చెప్పానని, బండి పోనిమ్మన్నది కూడా నేనేనని, ఇన్నేళ్లూ చెప్పలేకపోయానని అన్నాను. అమ్మ పేపరు మీదనుంచి తలెత్తకుండా, తెలుసని ఇంగ్లీషులో అంది. నాకు ఏడుపొచ్చింది.

"అప్పుడు నాకు పదకొండేళ్లేనమ్మా," అన్నాను.

అమ్మ పెన్ను పక్కన పెట్టింది. చాలా ఏళ్ల తర్వాత నాతో తెలుగులో మాట్లాడింది.

"పదకొండేళ్లంటే తక్కువేం కాదు చిన్నీ."

ఆ తర్వాత ఇంకో పేపరు తీసుకుంది.