ఎదుటి పక్షం ప్లీడరు

ప్లీడరుగారికి లోకంలో ఇంకే దురలవాటూ లేదు. పొగ తాగరు, పేకాడరు, ఎవరినీ కసురుకోరు. ఉన్నదల్లా ఒక్కటే. ఎదుటి పక్షం వాదన ముందు తానే చెబితే గానీ సొంత వాదన నోట్లోంచి ఊడిపడదు. అదీ మొక్కుబడిగా కాదు, ఎదుటి ప్లీడరుకి కూడా తట్టని పాయింట్లు వెతికి మరీ చెబుతారు.

ఇరవై ఆరేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న గుమాస్తాకి ఇది ఇప్పటికీ కొత్తే. ఓసారి గోడ తగాదాలో, గోడ పక్కింటివాళ్లదేనని ఆయన అరగంట సేపు నిరూపిస్తుంటే ఎదుటి ప్లీడరు పెన్ను తీసి రాసుకోవడం మొదలెట్టాడు. సొంత కక్షిదారు కొయ్యబారిపోయాడు. జడ్జిగారు కళ్లజోడు తీసి, "ఇంతకీ మీరెవరి తరఫున?" అని అడిగారు. ఆ తర్వాత పది నిమిషాల్లో ఆయన తాను కట్టిందంతా తానే కూలదోసి కేసు గెలిచారు. కక్షిదారు మాత్రం నెల్లాళ్లపాటు ఆయన ముఖం చూడలేదు.

ఇంట్లోనూ అదే తంతు. ఆలస్యంగా వచ్చారని భార్య దులిపేస్తుంటే, "నువ్వొకటి మర్చిపోయావు. మొన్న గురువారం కూడా ఆలస్యమే" అని గుర్తుచేసేవారు. ఇక ఆవిడ తిట్టేదేముంటుంది, నవ్వేసేది.

అలాంటి మనిషి శాసనసభకి నిలబడ్డారు. ఆ మాట విన్నరోజు గుమాస్తాకి అన్నం సహించలేదు. ఊళ్లోవాళ్లందరినీ గెలిపించిన మనిషి ఒక్కసారి తన కోసం తాను గెలిస్తే కళ్లారా చూడాలని అతని ఆశ. ఈ జబ్బుతో ఎలా గెలుస్తారని భయం.

పోటీలో ఉన్నది మందుల షాపు యజమాని. మంచివాడే గానీ నత్తి. నలుగురి ముందు నిలబడితే మాట గొంతులోనే ఇరుక్కుపోతుంది. అందుకని సభలు మానుకుని ఇంటింటికీ కాగితాలు పంచాడు. ప్లీడరుగారు ఆ కాగితం కంఠతా పట్టి, ప్రతి వీధి మలుపులోనూ మైకు పుచ్చుకుని ముందు అదే వినిపించేవారు. కోర్టులో అయితే రెండో సగం వినడానికి జడ్జిగారు కూర్చునే ఉంటారు. వీధిలో జనానికి పనులుంటాయి. మందుల షాపాయన గొప్పదనం అరగంట విని, చప్పట్లు కొట్టి, ఎవరి దారిన వాళ్లు పోయేవారు. గుమాస్తా వెనక నిలబడి ఆయన కోటు లాగి లాగి కుట్లు ఊడదీశాడు.

"అయ్యా, ముందు మనది చెప్పండి. టైముంటే ఆయనది చూద్దాం" అని బతిమాలాడు.

"అది వరస కాదోయ్" అన్నారాయన.

పోలింగుకి మూడు రోజుల ముందు టౌనుహాల్లో ఇద్దరినీ ఒకే వేదిక ఎక్కించారు. మందుల షాపాయన మైకు ముందు నిలబడి "మ... మ..." దగ్గరే ఆగిపోయాడు. వెనక వరసలో ఎవడో అతన్ని వెక్కిరించాడు. హాలంతా గొల్లుమంది. ఆయన తల దించుకుని వెళ్లి కుర్చీలో కూలబడ్డాడు. గుమాస్తాకి ప్రాణం లేచొచ్చింది. గెలిచేశాం అనుకున్నాడు. అలా అనుకున్నందుకు మరుక్షణమే సిగ్గుపడ్డాడు కూడా.

ప్లీడరుగారు లేచి మైకు అందుకున్నారు. "అలవాటు ప్రకారం ఎదుటి పక్షం వాదన ముందు నేను చెబుతాను" అన్నారు. ఈయన మళ్లీ మొదలెట్టాడంటూ జనం మందుల షాపాయన్ని వదిలేసి ఈయన్ని చూసి నవ్వడం మొదలుపెట్టారు. ఆయన అదేమీ పట్టనట్టు జేబులోంచి కాగితం తీసి చదివారు. "నేను గెలిస్తే మూడు వీధులకి మురుగు కాలువలు వేయిస్తాను."

గుమాస్తా చటుక్కున తలెత్తాడు. ఎదుటి పక్షం వాదనలో ఆయన ఒక్క అంకె తప్పు చెప్పడం ఇరవై ఆరేళ్లలో అతను వినలేదు.

"మూడు కాదు, ఏడు" అంటూ మందుల షాపాయన చివాల్న లేచాడు. కోపంతో ఊగిపోతున్నాడు. ఆ ఏడు వీధులేవో, ఎవరి గుమ్మంలో నీళ్లు నిలుస్తాయో, ఏ ఇంటి పిల్లలకి ఎన్నిసార్లు జ్వరం మందు ఇచ్చాడో గడగడా చెప్పుకుపోయాడు. ఒక్కచోట తడబడలేదు. ఆయన ఆగేసరికి టైము అయిపోయింది. ప్లీడరుగారికి తన వాదన చెప్పుకునే వంతే రాలేదు.

మూడు ఓట్ల తేడాతో ఓడిపోయారు. మూడుసార్లు లెక్కపెట్టించినా అదే మూడు. ఆ మూడూ ఎవరివై ఉంటాయని ఊరంతా ఒకటే చర్చ. గుమాస్తా మాత్రం ఆ చర్చ జరిగే చోటికే పోలేదు.

ఆ సాయంత్రం ఆఫీసులో కాగితాలు సర్దుతుంటే టౌనుహాల్లో చదివిన కాగితం అతని చేతికి దొరికింది. ప్లీడరుగారి చేతిరాతే. 'ఏడు వీధులు' అని ఉంది, కింద రెండు గీతలు కూడా ఉన్నాయి. అతను తిన్నగా ఆయన ఇంటికి పోయి ఆ కాగితం బల్ల మీద పెట్టాడు.

"ముందు నీ వాదన చెబుతాను" అన్నారు ప్లీడరుగారు. "ఏడని తెలిసే మూడన్నాను. ఆ మనిషికి కోపం వస్తే నత్తి రాదని షాపులో ఎప్పుడో గమనించాను. కావాలనే కోపం తెప్పించాను. అంతేనా?"

"అంతేనండి. మరి మీ వాదన?"

"ఏమీ లేదు. నేరం ఒప్పుకుంటున్నాను."

గుమాస్తా తల వంచుకుని తన నేరమూ చెప్పేశాడు. ఓటు వేసేటప్పుడు చెవుల్లో ఆ ఏడు వీధులే మోగాయని, చెయ్యి దానంతటదే అటు పోయిందని. ప్లీడరుగారు అతని భుజం తట్టారు. "బాధపడకు. నేనూ ఆయనకే వేశానోయ్. వాదన అంత గట్టిగా ఉంది మరి."

వంటింటి గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ఆవిడ భర్త వంక చూసింది.

"మీరొకటి మర్చిపోయారు" అంది. "మూడోది నాది."