అమెరికా ఆయన దిద్దిన ఇంగ్లీషు

ఈ రోజు మధ్యాహ్నం చేర్యాల నుంచి బస్సెక్కి స్రవంతి సిద్దిపేటలో మా ఇంటికొచ్చింది. ఒకప్పుడు నా దగ్గర ఇంగ్లీషు చదువుకున్న పిల్ల. వాళ్ల నాన్న గుడ్డ మీద రంగుల్లో కథలు చెప్పే నకాషీ బొమ్మలు వేస్తాడు. ఆయన వేసిన ఒక పటం ఫొటోను, బొమ్మలు కొనేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో పెట్టి, కింద నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాసింది. ఒకచోట 'ద' అనే ఆర్టికల్ మరిచిపోయింది, అంతే.

ఓ అమెరికా ఆయన, ముందు గ్రామర్ నేర్చుకుని రావలసింది అని దాని కింద వెక్కిరించాడు. 'షుడ్ హావ్' అని రాయాల్సిన చోట 'షుడ్ ఆఫ్' అని రాశాడు. గ్రామర్ అన్న మాటకే స్పెల్లింగ్ తప్పు. మా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా అలా రాయరు. అయినా జనమంతా స్రవంతిని చూసే నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. ఆయన తప్పులన్నీ చూపిస్తూ ఆ పిల్ల ఫోన్‌లోనే జవాబు టైప్ చేశాను. స్రవంతి ఫోన్ లాక్కుంది.

"పంపకున్రి సార్. లొల్లి అయితే మా బాపు బొమ్మను ఎవ్వలు సూడరు."

"తప్పు ఆయనది కాదా?"

"ఆయన తప్పు రాస్తే తొందరల రాసిండంటరు. నేను రాస్తే సదువు రాదంటరు. నాది దిద్దున్రి సార్, చాలు."

దిద్దాను. స్రవంతి ఆ వెక్కిరింత కింద ఒక్క అక్షరం తప్పు లేకుండా 'థాంక్యూ సర్' అని రాసి, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. ఆ థాంక్యూ నాకింకా మింగుడు పడలేదు. మీరైతే నా జవాబు పంపేవారా?